కాయని నిద్రపుచ్చి సముద్రం దాటించాలా?

పైన ఉన్న మామిడి కోతల వీడియో చూశాక చాలామంది ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, కాయ మాగకుండా నెల రోజులు ఆపే టెక్నాలజీ వచ్చిందట. అది దొరికితే మన ప్రకృతి వ్యవసాయం కాయని ఓడలో అమెరికా పంపొచ్చు కదా, మనం ఎందుకు దాని గురించి చెప్పం?" ఇంకొంతమంది దీనికి పూర్తిగా రివర్స్. "మాగడాన్ని ఆపడమంటే ప్రకృతికి అడ్డం పడటమే. అదీ మందు కొట్టడమే" అంటున్నారు.

నాకు రెండు మాటలూ నచ్చలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను. మాగడాన్ని కొన్ని రోజులు నెమ్మది చేయడం తప్పేం కాదు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చేసిందే. కానీ దాన్ని 25 రోజులు, 30 రోజులు సాగదీసి ఖండాలు దాటించడానికి వాడదాం అనుకుంటే మాత్రం మన రైతుకి చేతికొచ్చేది తక్కువ, చెయ్యి జారేది ఎక్కువ. అదే తెలివిని 8, 10 రోజులు సంపాదించుకోవడానికి వాడితే బేరం మన చేతిలోకి వస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు కాయ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా ఇవన్నీ చెట్టు నుంచి తెంపాక కూడా మాగే జాతి. తెంపినా కాయ ఊపిరి ఆగదు. లోపలున్న పిండిపదార్థం తీపిగా మారుతూ ఉంటుంది, గుజ్జు మెత్తబడుతుంది, రంగు తిరుగుతుంది. దీనికంతటికీ గంట కొట్టేది ఎథిలీన్ అనే వాయువు. ఇది కాయే తయారు చేసుకుంటుంది. మాగే పండు నుంచి ఈ వాయువు వస్తుందని 1934లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ గేన్ ఆపిల్ పండ్ల మీద రుజువు చేశాడు. మన అమ్మమ్మలకి ఆ పేరు తెలియదు గానీ పని తెలుసు. వరిగడ్డిలో కాయలు పేర్చి మూసేస్తే ఒక కాయ వదిలిన వాయువు పక్క కాయని లేపుతుంది, అది ఇంకో కాయని లేపుతుంది. తొందరగా వద్దనుకుంటే ఏం చేసేవారు? కుప్ప పోయకుండా చల్లని గదిలో నేల మీద విడివిడిగా పరిచేవారు, పండిన కాయని రోజూ ఏరి పక్కన పెట్టేవారు. కుప్ప అంటే వేడి, వేడి అంటే తొందర. పండిన కాయ పక్కనుంటే ఇంకా తొందర. నేటి కోల్డ్ కంటైనర్ కూడా ఈ రెండు సూత్రాల మీదే నడుస్తుంది, కాకపోతే దానికి డీజిల్ కావాలి.

ఇక ఎక్స్‌పోర్ట్ వాళ్లు వాడే పద్ధతులు. అన్నిటికంటే పెద్దది చల్లదనం. వేడి 10 డిగ్రీలు తగ్గితే కాయ ఊపిరి వేగం సగానికి, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోతుంది. అయితే మన కాయ ఆపిల్ కాదు. ఆపిల్‌ని సున్నా దగ్గర పెట్టినా ఏం కాదు. మామిడిని 12, 13 డిగ్రీల కన్నా కిందకి చాలా రోజులు దింపితే చలి దెబ్బ తగులుతుంది. తొక్క మీద నల్లటి గుంటలు పడతాయి, బయటికి తీసాక సరిగ్గా మాగదు, మాగినా చప్పగా ఉంటుంది. పచ్చి మామిడిని ఇంట్లో ఫ్రిజ్‌లో వారం మరిచిపోయిన వాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. అరటిది కూడా అదే బాధ, 13 డిగ్రీల కింద తొక్క బూడిద రంగుకి తిరుగుతుంది. ఎండదేశంలో పుట్టిన కాయకి చలి అలవాటు లేదు, అంతే.

రెండోది గాలి మార్చడం. కంటైనర్‌లో ఆక్సిజన్ తగ్గించి కార్బన్ డయాక్సైడ్ పెంచుతారు. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, మామిడి కంటైనర్‌లో 3 నుంచి 5 శాతం దాకా దింపుతారు. దానికీ హద్దుంది. మరీ తగ్గిస్తే కాయ లోపల పులిసి సారా వాసన కొడుతుంది. కాయ మీద మైనం పూత మందంగా వేసినా ఇదే జరుగుతుంది. పైకి నిగనిగ, కోస్తే కల్లు.

మూడోది, ఫోన్లు చేసిన వాళ్లు "టెక్నాలజీ" అంటున్నది, 1-ఎంసీపీ అనే వాయువు. అమెరికాలో నార్త్ కరొలినా స్టేట్ యూనివర్సిటీలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. స్మార్ట్‌ఫ్రెష్ అనే పేరుతో అమ్ముతారు. ఎథిలీన్ గంట కొడుతుందని చెప్పాను కదా, ఇది కాయ చెవుల్లో దూది పెడుతుంది. ఎథిలీన్ కూర్చోవలసిన చోట ఇది వెళ్లి కూర్చుంటుంది. గంట మోగుతున్నా కాయకి వినిపించదు. కొన్నాళ్లకి కాయ కొత్త చెవులు పెంచుకుంటుంది, అప్పుడు మాగడం మొదలవుతుంది. ఆపిల్‌కి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆపిల్ నెలలు నిలవ ఉన్నా గట్టిగా, కరకరలాడుతూ ఉండాలి. మామిడి, అరటికి లెక్క వేరు. ఇవి చివర్లో పూర్తిగా మెత్తబడాలి, వాసన రావాలి, రంగు తిరగాలి. మోతాదు కాస్త ఎక్కువైనా, కాయలు ఒకే పక్వంలో లేకపోయినా ఒక కాయ ఇవాళ మాగుతుంది, పక్కది వారం తర్వాత కూడా రాయిలా ఉంటుంది. అరటిలో తొక్క సగం పచ్చగా, సగం పసుపుగా మచ్చలు తేలుతుంది.

ఇంకొకటి హెక్సనాల్. ఇది చెట్లలో సహజంగా ఉండేదే, గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చి వాసనలో ఉంటుంది. కెనడా గ్వెల్ఫ్ యూనివర్సిటీ, మన పక్కనున్న తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి మామిడి మీద దీనితో పనిచేశాయి. కోతకి ముందు పిచికారి చేస్తే కాయ తొక్కలోని పొరలు తొందరగా కరిగిపోకుండా ఆపుతుంది. సహజంగా దొరికేది కదా, ప్రకృతి వ్యవసాయంలో వాడొచ్చా అని అడుగుతారు. నా మాట ఏంటంటే, చెట్టులో ఉన్నంత మాత్రాన డబ్బాలో వచ్చేది మన పద్ధతి అయిపోదు. గన్నేరు కూడా చెట్టే. మన తోటలో తయారు చేసుకోగలమా, కొనకుండా బతకగలమా అన్నది మన కొలత. ఆ కొలతకి ఇది ఆగదు. అయితే దాన్ని విషం అని ప్రచారం చేయడం కూడా అబద్ధమే అవుతుంది, అది మనకి వద్దు.

సరే, ఇన్ని పద్ధతులు ఉన్నాయి కదా, ఓడ ఎక్కిస్తే తప్పేంటి?

అరటి చూపించి ఈ ప్రశ్న అడుగుతారు. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి 43 ఏసీ కంటైనర్లలో సుమారు 980 టన్నుల అరటి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకి ఒకే రైల్లో వెళ్లింది, అక్కణ్నుంచి ఇరాన్‌కి. అనంతపురం, పులివెందుల రైతులకి అది మంచి దారే. దాన్ని నేను కాదనను. కానీ అరటి వేరు. అరటి గెలని ముప్పాతిక వంతు ఊరినప్పుడే కోసినా, తర్వాత మాగబెడితే దాదాపు అదే రుచి వస్తుంది. 13, 14 డిగ్రీల్లో మూడు వారాలు పచ్చిగా పడుకుంటుంది, దిగాక ఎథిలీన్ గదిలో పెడితే అన్నీ ఒకేసారి లేస్తాయి. ప్రపంచంలో అరటి వ్యాపారమంతా ఈ ఒక్క గుణం మీద కట్టిందే. దానికి కూడా వాళ్లు కట్టిన మూల్యం ఉంది, వందల రకాల అరటి ఉంటే ఓడలన్నీ కావెండిష్ ఒక్కదానితోనే నిండుతాయి. మన చక్రకేళి, అమృతపాణి ఏ ఓడా ఎక్కలేదు.

మామిడికి ఆ గుణం లేదు. ముదిరిన కాయ 13 డిగ్రీల్లో రెండు నుంచి మూడు వారాలు ఉంటుంది. 2022 జూన్‌లో ప్రయోగంగా ముంబై నుంచి అమెరికా నెవార్క్‌కి ఓడలో 16 టన్నులకి పైగా మామిడి పంపారు. ప్రయాణం 25 రోజులు పట్టింది. ఇప్పుడు లెక్క మీరే చూడండి. కాయ ఆయుష్షు రెండు మూడు వారాలు, దారి 25 రోజులు, దిగాక గోదాములో, షాపులో ఇంకో వారం. ఈ తేడా ఎక్కడ పూడుస్తారు? గాలి మార్చి కొంత, రసాయనంతో కొంత. మిగతాది కోతలో. పది రోజులు ముందే కోసేస్తారు. ఎగుమతి గురించి ఎవరు మాట్లాడినా ఈ ఒక్క విషయం దగ్గర గొంతు తగ్గిస్తారు.

ముందే కోసిన కాయని ఏ గదిలో పెట్టినా ఆ రుచి రాదు. ఎందుకు? మామిడిలో తీపి తెంపాక కొత్తగా పుట్టదు. చెట్టు మీద ఉండగా కాయలో చేరిన పిండే తర్వాత తీపి అవుతుంది. బంగినపల్లి భుజాలు ఎత్తుగా ఊరి, ముచ్చిక దగ్గర పల్లం పడి, టెంక గట్టిపడి, గుజ్జు లోపల టెంక చుట్టూ లేత పసుపు తిరిగాక కోస్తే అది మాగుతుంది. దానికి పది రోజుల ముందు కోస్తే మెత్తబడుతుంది, పసుపు కూడా తిరుగుతుంది, కానీ నోట్లో పెట్టుకుంటే పిప్పి. మాగడం వేరు, మెత్తబడటం వేరు. నీళ్ల బకెట్ పరీక్ష మన వాళ్లందరికీ తెలుసు, ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. నిద్రపుచ్చే పద్ధతులన్నీ మునిగే కాయకి చేస్తే ఒక లెక్క, తేలే కాయకి చేస్తే ఇంకో లెక్క. కార్బైడ్ కథ కూడా నిజానికి ఇదే. ఏప్రిల్ మొదట్లో రేటు బాగుందని లేత కాయ దింపి కార్బైడ్‌తో రంగు తెస్తారు. దాన్ని నిషేధించారు, బదులుగా 100 పీపీఎం లోపు ఎథిలీన్ వాయువుకి అనుమతి ఇచ్చారు, మంచిదే. కానీ లేత కాయకి ఎథిలీన్ పెట్టినా వచ్చేది పసుపు రంగు లేత కాయే. ఒకరు తొందర పెడతారు, ఒకరు ఆలస్యం చేస్తారు. కాయ మాత్రం రెండు చోట్లా ఒకటే, పక్వానికి రానిది.

దూర ప్రయాణం రకాన్ని కూడా ఎంచుకుంటుంది. అమెరికా సూపర్ మార్కెట్లలో ఎన్నో ఏళ్లు రాజ్యమేలిన మామిడి టామీ అట్కిన్స్. ఫ్లోరిడాలో పుట్టింది. ఎర్రటి రంగు, మందమైన తొక్క, దెబ్బలకి ఓర్చుకుంటుంది, చాలా రోజులు ఉంటుంది. పీచు ఎక్కువ, రుచి అంతంత మాత్రం. రుచి బాలేదని అక్కడి మామిడి నిపుణులు మొదట్లో దీన్ని పక్కన పెట్టారు, వ్యాపారం మాత్రం ఎత్తుకుంది. రేపు మనకీ ఓడలే గమ్యం అయితే ఏ చెట్టు నిలుస్తుంది, ఏ చెట్టు పడుతుంది? తోతాపురి నిలుస్తుంది. బంగినపల్లి కష్టం మీద నిలుస్తుంది. నూజివీడు చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం ఎవరికి కావాలి? పలచటి తొక్క, గుజ్జు అంతా రసం, చెయ్యి గట్టిగా తగిలితే చాలు కందిపోతుంది. ఇమాం పసంద్ కూడా అంతే. ఇవి దూరం వెళ్లలేకపోవడం వాటి లోపం అనుకునే రోజు వస్తే, గొడ్డలి పడేది వాటి మీదే. ప్రకృతి వ్యవసాయంలో మనం మొదటి నుంచీ చెప్పుకునేది రకరకాల చెట్లు ఒకే తోటలో ఉండాలని. కంటైనర్‌కి కావాల్సింది మాత్రం ఒకే రకం, ఒకే సైజు, ఒకే రోజు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. మన దేశం నుంచి అమెరికాకి మామిడి వెళ్లాలంటే 400 గ్రే మోతాదులో రేడియేషన్ ఇవ్వాలి. టెంక పురుగు, పండు ఈగ అక్కడికి చేరకూడదని ఈ నిబంధన. 2007లో అమెరికా తలుపు తెరిచింది ఈ షరతు మీదే. దానివల్ల కాయలో రేడియేషన్ మిగిలిపోదు, తిన్నవాళ్లకి ప్రమాదం అని నేను అనడం లేదు. కానీ అమెరికా ఆర్గానిక్ నియమాల ప్రకారం రేడియేషన్ ఇచ్చిన ఏ ఆహారాన్నీ ఆర్గానిక్ అని అమ్మకూడదు. అంటే మీరు పదేళ్లు జీవామృతం పోసి, ఒక్క మందు చుక్క వేయకుండా పెంచిన బంగినపల్లి అక్కడ దిగేసరికి మామూలు మామిడి. మీ పద్ధతికి ఒక్క డాలర్ కూడా ఎక్కువ రాదు. మెక్సికో కాయకి వేడినీళ్ల శుద్ధి సరిపోతుంది కాబట్టి అది ఆర్గానిక్ స్టిక్కర్‌తోనే మన పక్క అరలో కూర్చుంటుంది. తమాషా ఏంటంటే, అవే అమెరికా ఆర్గానిక్ నియమాలు ఉష్ణమండల పండ్లని ఎథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి ఒప్పుకుంటాయి. మన గ్రూపుల్లో ఎథిలీన్ పేరెత్తితేనే కొట్టడానికి వస్తారు.

ఐరోపా కాస్త నయం. అక్కడికి 48 డిగ్రీల వేడినీళ్లలో 60 నిమిషాలు ముంచితే సరిపోతుంది. 2014 మే నుంచి కొన్ని నెలలు పండు ఈగల వల్ల వాళ్లు మన మామిడిని మొత్తంగా ఆపేశారు, 2015 జనవరిలో మళ్లీ ఒప్పుకున్నారు. జపాన్‌కి ఆవిరి వేడి, 47.5 డిగ్రీల్లో 20 నిమిషాలు. ఇవన్నీ ఎక్స్‌పోర్ట్ ప్యాక్ హౌస్‌లో జరగాలి. ఐదెకరాల రైతు అక్కడిదాకా ఎలా వెళ్తాడు? ఆర్గానిక్ పేరుతో పంపాలంటే ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ ఉండాలి. మనలో చాలామంది దగ్గరున్న పీజీఎస్ కాగితం దేశం లోపలే చెల్లుతుంది.

"మరి అమెరికాలో మనవాళ్లు మూడు కిలోల పెట్టెకి నలభై, యాభై డాలర్లు పెడుతున్నారు కదా" అని అంటారు. నిజమే, పెడుతున్నారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు మే నెలలో బంగినపల్లి తినాలనుకోవడం తప్పు కాదు. ఆ కోరికని నేను ఎగతాళి చేయను. కానీ ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో చూడండి. విమానం కిరాయి, రేడియేషన్, ప్యాక్ హౌస్, అక్కడి దిగుమతిదారు, షాపు. అదే కిలోకి తోట దగ్గర ఎంత ముట్టిందో మీ లెక్క మీకు తెలుసు. ఓడ వస్తే కిరాయి తగ్గుతుంది, కరెక్టే. కిరాయి తగ్గిన లాభం రైతుకి ఇస్తారని ఏ కాగితంలో రాసుంది? పైగా విమానంలో వెళ్లిన కాయ ముదిరాక కోసింది, ఓడలో వెళ్లేది ముందే కోసింది. మన దేశం ప్రపంచంలోకెల్లా ఎక్కువ మామిడి పండిస్తుంది, అందులో నూటికి ఒక వంతు కూడా తాజా కాయగా బయటికి వెళ్లదు. ఆ ఒక్క వంతు కోసం మిగతా తొంభై తొమ్మిది వంతుల తోటలు తమ కోత తేదీ, రకం మార్చుకోవాలా?

ఇప్పుడు మన వైపు వాళ్ల మాట కూడా ఒకటి చెప్పాలి. "ప్రకృతి వ్యవసాయం కాయ కుళ్లదు, ఎండిపోతుంది అంతే, కాబట్టి మనకి ఈ పద్ధతులేవీ అక్కర్లేదు" అని వీడియోలు తిరుగుతున్నాయి. యూరియా ఎక్కువ తిన్న చెట్టు కాయ తొందరగా పాడవుతుంది, కాల్షియం సరిపడా అందిన కాయ గట్టిగా ఉంటుంది, ఇది నిజం. అక్కడితో ఆపాలి. పూత సమయంలో వాన పడితే, మబ్బు పట్టి మంచు కురిస్తే మచ్చ తెగులు శిలీంధ్రం పిందె తొక్కలోకి వెళ్లి పడుకుంటుంది. కోసేటప్పుడు కాయ శుభ్రంగానే కనిపిస్తుంది. మాగడం మొదలవగానే అది లేచి నల్ల మచ్చలుగా పాకుతుంది. మనం శిలీంధ్రం మందులు కొట్టం కాబట్టి మన కాయల్లో ఈ దాగున్న తెగులు ఉండే అవకాశం ఇంకాస్త ఎక్కువే. దూర ప్రయాణం మనకి ఎందుకు సరిపడదో చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. కాయని ఎన్ని రోజులు పడుకోబెడితే తెగులుకి అన్ని రోజులు టైం ఇచ్చినట్టు. దీనికి మందు లేని విరుగుడు ఉంది. 52 డిగ్రీల వేడినీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ముంచి, వెంటనే నీడలో ఆరబెట్టడం. థర్మామీటర్ లేకుండా చేయొద్దు, చేత్తో అంచనా వేస్తే కాయ ఉడుకుతుంది.

ఇక ఆ 8, 10 రోజుల సంగతి. 2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలో తోతాపురి రేటు పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అని ప్రకటించింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ బారులో నిలబడ్డ రైతు చేతిలో ఏముంది? ట్రాలీలో కాయ ఎండకి మాగిపోతోంది. ఎదుటివాడికి ఆ సంగతి తెలుసు. రైతు మొహం చూడక్కర్లేదు, కాయ రంగు చూస్తే చాలు, సాయంత్రానికి ఎంతకి దిగుతాడో చెప్పేస్తాడు. మన దగ్గర మాగడం ఒక జీవక్రియ మాత్రమే కాదు, అది దళారీ చేతిలో గడియారం. కాయని నాలుగు రోజులు ఆపగలిగితే ఆ గడియారం వెనక్కి తిరుగుతుంది. పరిశోధన డబ్బు, సబ్సిడీ డబ్బు వెళ్లాల్సింది ఇక్కడికి. 25 రోజుల కంటైనర్‌కి కాదు, తోట గట్టున 4 రోజుల నీడకి.

దీనికి మనం చేయగలిగింది చాలా ఉంది. మొదటిది కోత తేదీ. పిందె మీదే కాపు గుత్తకి ఇచ్చేస్తే కోత తేదీ మీది కాదు. అన్నీ ఒకేసారి దులిపేసి తీసుకెళ్తాడు, మునిగేవీ తేలేవీ కలిపి. ఎగుమతి కంపెనీ వాళ్లు వచ్చినా నేను మొదట అడగమనే ప్రశ్న రేటు గురించి కాదు. "ఎప్పుడు కోయాలో ఎవరు చెప్తారు?" అని. ఒకే చెట్టుని రెండు మూడు విడతలుగా కోస్తే ఏ మందూ లేకుండానే మీ సరుకు రెండు మూడు వారాలకి పరుచుకుంటుంది. కూలి ఎక్కువవుతుంది, ఒప్పుకుంటాను. నేరుగా ఇళ్లకి అమ్ముకునే వాళ్లకి ఆ కూలి గిట్టుబాటు అవుతుంది, మండీకి వేసేవాళ్లకి కష్టం.

రెండోది తెల్లవారి కోత. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో కోసిన కాయ ఆ వేడినంతా లోపల మోసుకొస్తుంది. చిక్కంతో, తొడిమ ఉంచి కోయాలి. కాయ నేల మీద పడిందా, లోపల కందిన చోట నుంచే ఎథిలీన్ మొదలవుతుంది, అది బుట్టలో అన్నిటినీ లేపుతుంది. తొడిమ తీశాక కాయని బోర్లించి సొన కారనివ్వాలి. పండు తిరిగిన కాయని ఎంత ముద్దొచ్చినా బుట్టలో పెట్టకూడదు.

మూడోది చల్లని గది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కరెంటు లేని ఇటుక గదిని ఎప్పుడో తయారు చేసి ఇచ్చింది. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో 3 అంగుళాల సందు, అందులో తడి ఇసుక, పైన గడ్డి మూత. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. వేసవిలో బయటికన్నా 10 డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుంది. అనంతపురం, కడప, మహబూబ్‌నగర్ లాంటి పొడిగాలి ఉన్న చోట బాగా పనిచేస్తుంది. కోస్తాలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి అంత చల్లబడదు, అక్కడివాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మామిడికి రెండు మూడు రోజులు కలిసొస్తాయి. రెండు మూడు రోజులేనా అనకండి. మే నెలలో మండీ రేటు రెండు రోజుల్లో ఎంత ఊగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ రోజులతో ఎంత దూరం వెళ్లొచ్చు? హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఎలాగూ ఉన్నాయి. 2021లో విజయనగరం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కి కిసాన్ రైళ్లలో మామిడి వెళ్లింది. గల్ఫ్ కావాలన్నా ముంబై నుంచి ఓడ వారం లోపే చేరుతుంది. ముదిరిన కాయ 13 డిగ్రీల్లో ఆ దారిని ఏ దూదీ చెవిలో పెట్టుకోకుండా తట్టుకుంటుంది. ఇరవై మంది రైతులు కలిసి ఒక కంటైనర్ నింపగలిగితే అది నాకు ఇష్టమే. కోత తేదీ వాళ్ల చేతిలో ఉంటే చాలు.

రసాలు పండించే వాళ్లకి మాత్రం ఇవేవీ వద్దు. మీ కాయ రెండు రోజుల దూరంలో తినాల్సిన కాయ. విజయవాడలో, ఏలూరులో, ఖమ్మంలో దానికోసం ఎదురుచూసే ఇళ్లున్నాయి. వాళ్ల నంబర్లు రాసుకోండి, కోతకి ముందు రోజు మెసేజ్ పెట్టండి.

ఇటుక గది కట్టేటప్పుడు లోపలి పొడవు ఐదున్నర అడుగులు, వెడల్పు నాలుగడుగుల లోపు, ఎత్తు రెండడుగుల పైన ఉంచితే దాదాపు వంద కిలోలు పడతాయి. ఇసుకని పొద్దున, సాయంత్రం తడపాలి. కాయల మీద నీళ్లు పడకూడదు. కట్టుబడి ఎలాగో వచ్చే వీడియోలో చూపిస్తాం.